ఉద్యోగం మానకుండా ఇంటి నుంచి నెలకు ఎనిమిది వేలు అదనంగా రావాలంటే దారేమైనా ఉందా?

గోదారమ్మాయి

అందరికీ నమస్కారం. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. ఫీజుల లెక్కలు, రికార్డులు నేనే చూస్తాను. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే ఇంటికొచ్చేసరికి ఆరున్నర. ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి, చిన్నవాడు యూకేజీ. ఈ ఏడాది ఇద్దరి ఫీజులూ వ్యాను డబ్బులూ కలిపి చూస్తే నెలకు ఎనిమిది వేలు తక్కువ పడుతున్నాయి.

ఉద్యోగం మానే ఆలోచన లేదు. పొద్దున పూట ఊపిరి సలపదు, మూడు క్యారేజీలు కట్టాలి. రాత్రి తొమ్మిదిన్నరకు చిన్నవాడు పడుకున్నాక గంటన్నర దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంకో రెండు గంటలు. చదివింది బీఎస్సీ మ్యాథ్స్. టైపింగ్ బాగా వచ్చు, తెలుగు తప్పుల్లేకుండా రాస్తాను.

నిన్న టెలిగ్రామ్‌లో ఒక మెసేజ్ వచ్చింది. గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకు రేటింగ్ ఇస్తే ఒక్కోదానికి 50 రూపాయలట. మా పక్క సెక్షన్ అమ్మాయికి 150 రూపాయలు నిజంగానే ఫోన్‌పేలో పడ్డాయి, నేను చూశాను. చేరమంటారా? ఇది కాకుండా మీలో ఎవరికైనా ఏదైనా కుదిరి ఉంటే ఎలా చేశారో చెప్పండి.

బ్యాంకు_కౌంటర్

చేరకండి. ఆ అమ్మాయిని కూడా ఇవాళే ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయమనండి.

నేను బ్యాంకులో పని చేస్తాను. ఈ రేటింగుల మోసంలో డబ్బు పోగొట్టుకుని నా కౌంటర్ ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది. అందరూ చదువుకున్నవాళ్లే. ఆ 150 జీతం కాదు, ఎర. మొదటి మూడు నాలుగు రేటింగులకు నిజంగానే వేస్తారు. తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటారు. వెయ్యి కడితే 1,300 తిరిగిస్తామంటారు, ఇస్తారు కూడా. అక్కడితో నమ్మకం కుదురుతుంది. అప్పుడు ఒక వెబ్‌సైటులో మీ పేరున ఖాతా తెరిచి, 'వీఐపీ' గ్రూపులో చేరుస్తారు. ఆ గ్రూపులో కొందరు "నాకివాళ పద్దెనిమిది వేలు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పెడుతూ ఉంటారు. వాళ్లంతా ఆ ముఠా మనుషులే. ఇక పది వేలు, ముప్ఫై వేలు, లక్ష. వెబ్‌సైటులో బ్యాలెన్స్ పెరుగుతూ కనబడుతుంది. తీసుకోబోతే "టాస్క్ తప్పు చేశారు, సరిచేయడానికి ఇంత కట్టాలి" అంటారు. కడితే "ట్యాక్స్ కట్టాలి" అంటారు. పోయింది రాబట్టుకోవాలన్న ఆత్రంలో గాజులు తాకట్టు పెట్టినవాళ్లున్నారు.

2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల కేసు ఇలా రేటింగులు, రివ్యూల పేరుతో మొదలైందే.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. మీకు పడే ఆ చిన్న మొత్తం కూడా ఇంకో బాధితుడి డబ్బు అయ్యుండొచ్చు. అతను ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు నడిచిన ఖాతాలన్నీ వరసగా ఆగిపోతాయి. జీతం పడే ఖాతా ఫ్రీజ్ అయితే మళ్లీ తెరిపించుకోవడానికి ఎంత తిరగాలో రోజూ చూస్తున్నాను.

ఎవరికైనా ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు నాలుగు ఖాతాలు మారకముందే చెబితే ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఇంట్లో ఏమంటారోనని రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం పోతుంది.

గోదారమ్మాయి

చాలా థ్యాంక్స్ అండీ. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. రేపు రెండు వేలు కట్టమన్నారట. కట్టలేదు.

మానేరు_ఒడ్డు

ఇదే సందర్భంలో ఒకటి అడగాలి. మా చెల్లి డేటా ఎంట్రీ పని అని ఆన్‌లైన్‌లో ఒప్పుకుంది. ఫారాలు టైప్ చేయాలి, వారం గడువు, 90 శాతం తప్పుల్లేకుండా ఉండాలి. పూర్తి చేసి పంపితే 'అక్యురసీ రాలేదు' అన్నారు. ఇప్పుడు ఎవరో లాయరు పేరుతో వాట్సాప్‌లో నోటీసు పంపారు. ఒప్పందం ఉల్లంఘించావు, ఆరు వేలు కట్టు, లేకపోతే కోర్టు అంటున్నారు. అది అన్నం కూడా తినడం లేదు.

బ్యాంకు_కౌంటర్

రూపాయి కూడా కట్టొద్దని చెప్పండి అక్కా. ఇలాంటివాళ్లకు టైప్ చేసిన ఫారాలతో పనే లేదు. ఆ బెదిరింపే వాళ్ల వ్యాపారం. అలాంటి పని ఎంత బాగా చేసి పంపినా 'అక్యురసీ రాలేదు' అనే అంటారు. ఒకసారి కడితే మళ్లీ మళ్లీ అడుగుతారు. నోటీసు, చాటింగు, ఫోన్ నంబర్లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. తర్వాత నంబర్లు బ్లాక్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. మీరు పక్కనే కూర్చుని చేయించండి. నిజమైన కోర్టు సమన్లు "ఇంకో గంటలో కట్టండి" అని రావు.

చీరాల_అద్దకం

నేను చీరలు చేస్తాను, వాట్సాప్‌లో. మంగళగిరి, చీరాల, అప్పుడప్పుడు ఉప్పాడ. పెట్టుబడి లేకుండా రీసెల్లింగ్‌తో మొదలుపెట్టొచ్చు అన్నది నిజమే. నేత ఇంటి నుంచో షాపు నుంచో ఫొటోలు వస్తాయి. మనం దాని మీద నూరో నూట యాభయ్యో వేసుకుని మన గ్రూపులో పెడతాం. ఆర్డరు వస్తే వాళ్లే మన పేరుతో పార్సిల్ పంపుతారు.

కానీ చెల్లీ, ఉద్యోగంలో ఉన్న నీకు ఇది కుదురుతుందని నేననుకోను. 'ఫ్లెక్సిబుల్' అంటారు గానీ ఫోన్ రోజంతా చేతిలో ఉండాలి. పొద్దున పదకొండింటికి కొత్త స్టాక్ ఫొటోలు పడతాయి, సింగిల్స్ (ఒక్కటే పీసు ఉన్నవి) అయితే పది నిమిషాల్లో అయిపోతాయి. నువ్వు ఆఫీసులో రశీదులు రాస్తూ రాత్రి తొమ్మిదిన్నరకు "ఈ చీర ఉందా" అని అడిగితే ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటుంది. కొనేవాళ్లు కూడా అంతే, వెంటనే జవాబు రాకపోతే ఇంకో గ్రూపుకు వెళ్లిపోతారు.

ఇక రంగు తేడా గొడవ. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో నెమలికంఠం రంగు ఒకలా ఉంటుంది, ఇంటికెళ్లాక పగటి వెలుతురులో ఇంకోలా ఉంటుంది. ఆవిడ తిరిగి పంపుతానంటుంది, నేతవాళ్లు తీసుకోరు. మధ్యలో మనం. అందుకే నేను ప్రతి చీరా కిటికీ దగ్గర కొంగు, బోర్డరు, లోపలి వైపు విడివిడిగా వీడియో తీయించి పెడతాను. పార్సిల్ విప్పేటప్పుడు మధ్యలో ఆపకుండా వీడియో తీస్తేనే డ్యామేజీకి వాపసు అని ముందే రాస్తాను. ఇది రోజంతా ఇంట్లో ఉండేవాళ్లకు, లేదా ఇంకొకరి సాయం ఉన్నవాళ్లకు పని చేస్తుంది. నాకు మా అత్తయ్య సాయం చేస్తారు. ఆవిడ లేకపోతే నేను చేయలేను.

గుంటూరు_గోంగూర

నేను ఉద్యోగం చేస్తూనే పచ్చళ్లు చేస్తున్నాను, శని ఆదివారాలు మాత్రమే. గోంగూర, పండుమిర్చి, వేసవిలో ఆవకాయ. చేయడం అందరికీ వచ్చు, పంపడంలోనే ఉంది కష్టమంతా. గాజు సీసాలు కొరియరువాళ్లు తీసుకోవడానికి ఇష్టపడరు, తీసుకున్నా పగిలితే మనదే భారం. నేను మందం పౌచ్‌లో సీల్ చేసి, దాన్ని ఇంకో పౌచ్‌లో పెట్టి మళ్లీ సీల్ చేస్తాను. లోపలి పౌచ్‌లో నూనె మరీ పైకి వచ్చేలా నింపకూడదు. సీలు వేసే చోట నూనె తడి ఉంటే అంటుకోదు, దారిలో కారిపోతుంది. పొడిగుడ్డతో అంచు తుడిచాకే సీలు వేయాలి.

ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను 2022లో చేయించుకున్నప్పుడు 12 లక్షల లోపు అమ్మకాలకు ఏడాదికి 100 రూపాయలే. ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు, ఏజెంటుకు రెండు వేలు ఇవ్వక్కర్లేదు. 14 అంకెల నంబరు వస్తుంది. అది, తయారుచేసిన తేదీ, బరువు, అందులో ఏమేం వేశామో లేబుల్ మీద వేయాలి.

అయితే నెలనెలా ఎనిమిది వేలు కచ్చితంగా కావాలంటే పచ్చళ్లను నమ్ముకోలేం. మే నెలలో బాగుంటుంది, శ్రావణంలో పర్వాలేదు, కార్తీకంలో తగ్గిపోతుంది. ఫీజులకు నెలనెలా కట్టాల్సిన డబ్బు వేరు, సీజన్లో వచ్చే డబ్బు వేరు.

అచ్చుతప్పు

'తెలుగు తప్పుల్లేకుండా రాస్తాను' అన్నారు చూడండి, అది చూసి రాస్తున్నాను. విజయవాడలో డీటీపీ సెంటర్లకు, ప్రచురణకర్తలకు నేను ఇంటి నుంచి ప్రూఫులు చూస్తాను. పగలు ఉద్యోగం ఉంది.

ఉత్త టైపింగ్‌కు ఇప్పుడు గిరాకీ బాగా తగ్గింది. పుస్తకం పేజీ ఫొటో తీస్తే ఫోనే అక్షరాలుగా మార్చి ఇస్తోంది. కానీ అలా మారిన దాంట్లో తప్పులు చూసేవాళ్లు కావాలి. అలాగే పాత పుస్తకాలు చాలావరకు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు తారుమారవుతాయి, ముఖ్యంగా 'ర'కు యావత్తు కలిసిన చోట. 'మర్యాద'లు, 'కార్యం'లు ఒక్కొక్కటి వెతికి పట్టుకోవాలి. ఈ పని రాత్రి పదింటికి చేసినా, తెల్లవారుజామున చేసినా ఎవరూ అడగరు. గడువుకు అందిస్తే చాలు. ఫ్లెక్సిబుల్ అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

డబ్బు పేజీ లెక్క. మొదట్లో తక్కువే. పుస్తకాల పండగ ముందు నెలల్లో పని మీద పడుతుంది, మిగతా రోజుల్లో పలచగా ఉంటుంది. పుస్తకం మొత్తం చూశాక డబ్బు అడిగితే నెలల తరబడి తిప్పుతారు. నాలుగు ఫారాలకు (ఫారం అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) ఒకసారి డబ్బు తీసుకునేలా మాట్లాడుకోండి. ఎక్కడా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టక్కర్లేదు. కట్టమన్నారంటే అది ప్రూఫు పని కాదు.

కొలిమి

అందరూ ఏదో ఒకటి చేయమంటున్నారు. నేను ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదకొండింటి దాకా పని చేసే తల్లికి మనం ఇంకో పని వెతికిపెడుతున్నాం. ఆ గంటన్నర ఆవిడకు దొరికే విశ్రాంతి. ఎనిమిది వేలు తక్కువ పడుతున్నది ఇంటికి. ఇంట్లో ఇంకో పెద్దమనిషి కూడా ఉన్నాడు కదా? ఈ చర్చ మొత్తంలో ఆయన గురించి ఒక్కరూ అడగలేదు.

గుంటూరు_గోంగూర

అడగడం తేలికేనండీ. మా ఆయన పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. ఎవరి ఇంటి పరిస్థితి వాళ్లది. డబ్బు కావాలని అడిగిన మనిషికి 'విశ్రాంతి తీసుకో' అంటే ఫీజు ఎవరు కడతారు?

లెక్కలమ్మ

కొలిమి గారు అన్నదాన్ని కొట్టిపారేయలేం. ప్రభుత్వ గణాంకాల శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. 2019 సర్వేలో ఇవి 299, 97. ఐదేళ్లలో మగవాళ్ల నిమిషాలు కూడా తగ్గాయి. కాబట్టి కొత్త పని ఒప్పుకునే ముందే ఇంట్లో ఒక పాత పని చేతులు మారాలి. చిన్నవాణ్ని పడుకోబెట్టడం ఆయన చూసుకుంటే మీ గంటన్నర రెండు గంటలవుతుంది. అప్పుడు నిద్ర తగ్గించుకోకుండా పని చేయొచ్చు. ఇది మొహమాటపడే విషయం కాదు. సంపాదన ఇంటికే వస్తుంది కాబట్టి పని కూడా ఇల్లంతా పంచుకోవాలి.

గోదారమ్మాయి

కొలిమి గారూ, మీరు అడిగింది సబబే. మా ఆయన మెడికల్ ఏజెన్సీలో చేస్తారు, ఎనిమిదింటికి వచ్చేస్తారు. ఇవాళే మాట్లాడతాను. పని మాత్రం కావాలి నాకు, అది ఆయన చెప్పి చేయించేది కాదు.

పలక_బలపం

గోదారమ్మాయి గారూ, మీరు ఇచ్చిన వివరాల్లో మీకే తెలియని ఒక మంచి విషయం ఉంది. రాత్రి తొమ్మిదిన్నర.

నేను విదేశాల్లోని మన పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతాను. ఈ పని అనగానే అందరూ అమెరికా పిల్లలనే వెతుకుతారు. వాళ్లకు సాయంత్రం అంటే మనకు పొద్దున ఆరు, ఏడు. మీకు అప్పుడే ఊపిరి సలపదంటున్నారు. పైగా అక్కడ మనబడి అనే తెలుగు నేర్పే తరగతులు 2007లోనే మొదలై చాలా ఊళ్లలో నడుస్తున్నాయి, చాలామంది పిల్లలు వాటికి వెళ్తారు. మీరు గల్ఫ్, ఇంగ్లండ్ వైపు చూడండి. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే దుబాయ్‌లో ఎనిమిది, కువైట్‌లో, ఖతార్‌లో, సౌదీలో ఏడు. ఇంగ్లండ్‌లో వేసవిలో సాయంత్రం ఐదు, చలికాలంలో నాలుగు. పిల్లలు స్కూలు నుంచి వచ్చి, ఏదో తిని కూర్చునే వేళ. మీ ఖాళీ సమయం వాళ్ల సమయానికి అచ్చంగా సరిపోతోంది. గల్ఫ్‌లో మన గోదావరి జిల్లాలవాళ్లు, కడపవాళ్లు, కరీంనగర్, నిజామాబాద్‌వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మీ బంధువుల్లోనే ఎవరో ఒకరు ఉంటారు.

నేను అరగంటకు 350 తీసుకుంటాను. ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరికి వారానికి రెండు తరగతులు అనుకోండి. నెలకు ఇరవై నాలుగు తరగతులు, 8,400. వారానికి మూడు గంటల తరగతి, తయారీకి ఇంకో గంట. మొదట 250కి మొదలుపెట్టినా తప్పులేదు. కానీ ఉచితంగా నేర్పకండి. ఉచితమైతే పిల్లలూ రారు, తల్లిదండ్రులూ గుర్తుపెట్టుకోరు.

నేర్పే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, అక్కడే చాలామంది ఓడిపోతారు. ఇక్కడి పిల్లలకు నేర్పినట్టు అ, ఆ నుంచి ఱ దాకా వరసగా దిద్దిస్తే రెండు వారాల్లో విసుగెత్తిపోతారు. ఆ పిల్లలకు మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్ల నోట్లో ఉన్న మాటలతో మొదలుపెట్టాలి. నేను మొదటి రోజు 'తాత', 'టమాటా' రెండూ రాస్తాను. ఇంగ్లిష్‌కు అలవాటుపడిన నోటికి త, ట తేడా పలకదు. తాతను 'టాటా' అంటారు. నాలుక పళ్లకు తగిలితే త, పైకి మడిస్తే ట అని కెమెరా దగ్గరగా నోరు తెరిచి చూపిస్తాను. పిల్ల నవ్వుతుంది, తనూ చేస్తుంది, పక్క గదిలోంచి వాళ్ల నాన్న కూడా వచ్చి చేస్తాడు. ఆ తేడా చెవికి అందాక ద, డ దారిలో పడతాయి. తర్వాత గుణింతాలు కూడా 'కాకి', 'కోతి', 'కూర' లాంటి మాటల్లోనే. నాలుగో తరగతికి వాళ్ల పేరు వాళ్లే తెలుగులో రాసి అమ్మమ్మకు వాట్సాప్ చేసేలా చూడండి. ఆ ఫొటో వెళ్లాక మీరు ప్రచారం చేసుకోనక్కర్లేదు, అమ్మమ్మ చూసుకుంటుంది.

కావలసింది ఫోను, దాన్ని బల్ల మీద ఉన్న తెల్లకాగితం వైపు వంచి నిలబెట్టే స్టాండు, మంచి వెలుతురు. ల్యాప్‌టాప్ ఉంటే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు.

బర్మింగ్‌హామ్_అమ్మ

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాకు ఇక్కడ టీచర్లు దొరకడం లేదు. మా పాపకు ఎనిమిదేళ్లు. తెలుగు మాట్లాడుతుంది, బోర్డు చూపిస్తే చదవలేదు. ఒక యాప్‌లో టీచరును పెట్టుకుంటే ప్రతి నెలా మనిషి మారిపోయేది. నాకు కావలసింది పెద్ద డిగ్రీలు కాదు. చెప్పిన టైమ్‌కు రావడం, పిల్లతో ఓపికగా మాట్లాడటం, రానప్పుడు ముందే మెసేజ్ పెట్టడం. ఈ మూడూ ఉన్న టీచరును ఏ తల్లీ వదులుకోదు.

గోదారమ్మాయి గారూ, మీకు ఇష్టమైతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ముందు ఒక తరగతి చూద్దాం. దానికీ డబ్బు ఇస్తాను.

వరంగల్_పంతులమ్మ

ట్యూషన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడున్న టీచర్లకు ఒక హెచ్చరిక. బడిలో టీచరుగా పని చేస్తున్నవాళ్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 2009లోని 28వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్ అయినా ట్యూషన్ ట్యూషనే. ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇలాంటి పనులకు ముందస్తు అనుమతి కావాలి, ప్రవర్తనా నియమావళి ఉంది. నేను అందుకే దీనిలోకి దిగలేదు. ఆవిడ కాలేజీలో ఆఫీసు ఉద్యోగి కాబట్టి ఈ సెక్షన్ వర్తించదు గానీ, అపాయింట్‌మెంట్ కాగితం ఒకసారి చదువుకోమనండి.

మాదాపూర్_మెట్రో

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2022 సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ తమ పోటీ సంస్థలకు కూడా పని చేస్తున్న 300 మందిని తీసేశామని బహిరంగంగానే చెప్పారు. ఇంకో చోట పని చేయకూడదన్న షరతును చాలా కంపెనీలు ఆఫర్ లెటర్‌లో గట్టిగా రాస్తున్నాయి. నేను ఆదివారాలు కాలేజీ పిల్లలకు పైథాన్ నేర్పుతాను. మొదలుపెట్టే ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను, మన రంగానికి పోటీ కాదు, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడను, ఆఫీసు వేళల్లో చేయను అని. ఒప్పుకుంటూ వచ్చిన జవాబును దాచుకున్నాను. దొంగచాటుగా చేసే టెన్షన్ కంటే ఒక మెయిల్ మేలు.

ప్లానో_వెన్నెల

మేము టెక్సాస్‌లో ఉంటాం. నేను హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, పని చేసుకునే అనుమతి కార్డు ఈఏడీ ఇంకా రాలేదు. ఇండియాలో టీచరుగా ఎనిమిదేళ్లు చేశాను. ఇండియాలోని పిల్లలకే ఆన్‌లైన్‌లో చెప్పి, డబ్బు నా ఇండియా ఖాతాలోనే వేయించుకుంటే పర్వాలేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

మాదాపూర్_మెట్రో

స్నేహితుల మాట మీద ఆ పని చేయకండి అక్కా. డబ్బు ఏ దేశం ఖాతాలో పడిందన్నది ఒక్కటే చూడరు, మీరు ఏ గడ్డ మీద కూర్చుని పని చేశారన్నది కూడా చూస్తారు. హెచ్4 వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి 2015 మే నుంచి ఈఏడీ రూపంలోనే వచ్చింది. అది చేతికి రాకముందు చేసిన పని రేపు గ్రీన్‌కార్డు దగ్గర అడ్డం తిరగొచ్చు. ఇమిగ్రేషన్ లాయరును ఒక్కసారి అడిగి తేల్చుకోండి. అందాకా జీతం లేకుండా మనబడిలో వాలంటీరుగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, దాని సంగతి కూడా ఆ లాయరునే అడగండి. అనుభవం, పరిచయాలు రెండూ నిలబడతాయి.

యానాం_గాలి

యూట్యూబ్ గురించి ఎవరూ చెప్పలేదు? నాకు వంటల చానల్ ఉంది.

గుంటూరు_గోంగూర

చెప్పండి, వినాలని ఉంది.

యానాం_గాలి

వెంటనే డబ్బు కావాలంటే యూట్యూబ్ వద్దు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దాంతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. అది దాటాక కూడా ఖాతాలో 100 డాలర్లు చేరితేనే బ్యాంకుకు పంపుతారు. చిన్న చానల్‌కు ఆ వంద చేరడానికి నెలలు పడుతుంది. అడ్రసు ధ్రువీకరణకు పిన్ నంబరు పోస్టులో వస్తుంది, పోస్ట్‌మాన్‌కు ముందే చెప్పి పెట్టుకోండి.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. వ్యూస్ కోసం పిల్లల్ని కెమెరా ముందు నిలబెట్టడం. ఏడ్చినా వీడియో, జ్వరం వచ్చినా వీడియో, పెద్దమనిషి అయినా వీడియో. ఆ పిల్ల పదో తరగతికి వచ్చాక క్లాసులో అందరి ఫోన్లలో ఆ వీడియో ఉంటుంది. తీసేయమని అడిగే వయసు రాకముందే మనం ఊరందరికీ చూపించేస్తున్నాం. వంట చూపించండి, చేతులు చూపించండి. పిల్లల ముఖాలు వద్దు.

కొలిమి

ఈ మాటకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

లెక్కలమ్మ

డబ్బు వస్తే లెక్క కూడా ఉండాలి కదా, క్లుప్తంగా చెబుతాను. నేను అకౌంట్స్ చూసేదాన్ని. ఈ పనికోసం విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. జీతం ఖాతాలో కలపొద్దు. విదేశాల్లోని తల్లిదండ్రుల్లో చాలామందికి ఇక్కడ ఎన్ఆర్ఇ, ఎన్ఆర్ఓ అనే ప్రవాసుల బ్యాంకు ఖాతాలు ఉంటాయి, వాటి నుంచి నేరుగా ఆ ఖాతాకు పంపమనండి. ఎవరు, ఏ నెలకు, ఎంత అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

తరగతులు చెప్పి సంపాదించింది జీతం కిందికి రాదు. అందుకని జీతం ఉన్నవాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 రిటర్ను ఫారం మీకు కుదరదు, ఐటీఆర్-3 గానీ 4 గానీ వేయాలి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటుతో పన్ను పడదు, కాబట్టి మీరు కట్టాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. అయినా రిటర్ను వేయండి. రేపు హోమ్‌లోన్‌కు వెళ్తే మీ సంపాదనకు అదే రుజువు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ ఊసే లేదు. చీరాల అక్క లాంటివాళ్లు ఈ-కామర్స్ యాప్‌లలో అమ్మాలనుకుంటే, 2023 అక్టోబరు నుంచి సొంత రాష్ట్రంలో అమ్ముకునే చిన్నవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ బదులు ఎన్‌రోల్‌మెంట్ నంబరు సరిపోతోంది.

చీరాల_అద్దకం

ఇది నాకు తెలియదు లెక్కలమ్మా. ఎన్‌రోల్‌మెంట్ మనమే చేసుకోవచ్చా, ఆడిటరు దగ్గరికి వెళ్లాలా?

లెక్కలమ్మ

జీఎస్టీ పోర్టల్‌లో మనమే చేసుకోవచ్చు. పాన్, ఆధార్, ఫోన్ దగ్గర పెట్టుకోండి. మీ అమ్మకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్ దాటకూడదు. హైదరాబాద్ ఆర్డరు ఆ నంబరు మీద పంపడం కుదరదు.

గోదారమ్మాయి

అందరికీ మళ్లీ నమస్కారం. మధ్యలో రాయలేకపోయాను, పరీక్ష ఫీజుల సీజన్.

బర్మింగ్‌హామ్ అమ్మగారి పాపతో తరగతులు మొదలయ్యాయి. మా పెద్దమ్మ మనవడు కువైట్‌లో ఉన్నాడు, వాడు రెండోవాడు. వాళ్ల ఫ్లాట్‌లోనే ఇంకో పిల్లాడి తల్లి కూడా అడిగింది. చిన్నవాణ్ని మా ఆయన పడుకోబెడుతున్నారు. మొదట్లో వాడు ఏడ్చాడు, ఇప్పుడు కథ చెప్పమని ఆయన దగ్గరికే వెళ్తున్నాడు. అచ్చుతప్పు గారు ఒక చిన్న పుస్తకం పంపారు, ఆదివారం మధ్యాహ్నాలు దాని ప్రూఫులు చూస్తున్నాను.

పలక_బలపం గారూ, రెండు సందేహాలు. కువైట్ పిల్లాడు వారంలో ఒక తరగతికి ఎప్పుడూ రావడం లేదు. పది నిమిషాల ముందు "ఇవాళ వద్దు" అని మెసేజ్ వస్తుంది. బంధువులు, డబ్బు ఎలా అడగాలి? ఇంకొకటి, ఇంగ్లండ్‌లో గడియారం మారుతుందన్నారు, అప్పుడేం చేయాలి?

పలక_బలపం

బంధువులైతే మరీ ముందే తేల్చుకోవాలమ్మా. నోటితో చెప్పలేకపోతే ముగ్గురు తల్లులకూ ఒకే మెసేజ్ పెట్టండి, అప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు. నేను పెట్టే మెసేజ్ ఇది, కావాలంటే వాడుకోండి: "నెల ఫీజు ఒకటో తేదీన ముందుగా ఇవ్వాలి. తరగతికి నాలుగు గంటల ముందు చెబితే ఆ వారంలోనే వేరే రోజు చెబుతాను. ఆ తర్వాత చెబితే తరగతి అయినట్టే లెక్క. నేను మానితే ఆ తరగతి తప్పకుండా ఇస్తాను." చివరి వాక్యం తీసేయకండి. షరతు మీకూ ఉందని కనబడితే ఎవరూ నొచ్చుకోరు.

గడియారం సంగతి. కువైట్‌కు ఏ మార్పూ ఉండదు. ఇంగ్లండ్‌లో అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి చివరి ఆదివారం మళ్లీ ముందుకు. అక్టోబరు తర్వాత కూడా మీ తొమ్మిదిన్నరే ఉంచండి, అక్కడ ఐదుకు బదులు నాలుగవుతుంది. ఆ పాప స్కూలు నుంచి నాలుగుకల్లా వస్తుందో లేదో వాళ్లమ్మను ఇప్పుడే అడగండి. రాకపోతే చలికాలం వరకు ఆ పాపకు పదింటి స్లాటు ఇచ్చి, తొమ్మిదిన్నరకు కువైట్ పిల్లాణ్ని జరపండి.

బర్మింగ్‌హామ్_అమ్మ

స్కూలు మూడుంపావుకు అయిపోతుంది, నాలుగుకు ఇంట్లోనే ఉంటుంది. టైమ్ మార్చక్కర్లేదు. ఇంకో మాట, మా వీధిలో ఒక గుంటూరు కుటుంబం ఉంది, ఇద్దరు పిల్లలు. గురువారం ఖాళీ ఉందా అని అడుగుతున్నారు.